దద్దుర్లు, ఎరుపు, వాపు: ఈ హిస్టమిన్ ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు ఒక్క మాట. దద్దుర్లతో పాటు ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, నాలుక వాచినా, కళ్లు తిరిగినా ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావాల్సింది తొడ కండలోకి అడ్రినలిన్. సెట్రిజిన్ మాత్ర గానీ అవిల్ ఇంజెక్షన్ గానీ దాని పని చేయలేవు.

ప్రాణం మీదికి రాని సమస్యల గురించి ఇక తీరిగ్గా చూద్దాం.

దద్దుర్లు వస్తాయి, పోతాయి, మళ్లీ వస్తాయి

మందంగా ఉన్న ఫైలు, అందులో నాలుగు వేల రూపాయల ఎలర్జీ పరీక్షలు. అన్నీ చేయించుకుని వస్తారు గానీ రెండు రూపాయల బాల్‌పెన్‌తో అయ్యే పరీక్ష మాత్రం ఎవరూ చేసుకుని రారు. కొత్తగా లేచిన ఒక దద్దురు చుట్టూ గీత గీయండి, పక్కన టైమ్ రాయండి. 24 గంటల్లోపు గీత లోపలి చర్మం మామూలైపోయి, దద్దురు ఇంకోచోట లేస్తే అది హిస్టమిన్ అనే రసాయనం పనే. అదే చోట రెండు రోజులు ఉండి, దురద కన్నా మంట ఎక్కువై, పోతూ పోతూ కమిలిన మచ్చ వదిలితే రక్తనాళాలే వాచి ఉండొచ్చు. అది చర్మ డాక్టరు చూడాల్సిన కేసు.

చర్మంలో చిన్న రక్తనాళాల చుట్టూ మాస్ట్ కణాలు కాపలా ఉంటాయి. వాటి నిండా హిస్టమిన్ గుళికలు. కణం రేగిందంటే గుళికలు బయటపడతాయి. రక్తనాళం వెడల్పవుతుంది, అది ఎరుపు. నాళం గోడలో సందులు తెరుచుకుని నీరు బయటికి ఊరుతుంది, అది వాపు. నరాల కొసలు రేగుతాయి, అది దురద. నిజానికి ఇది రక్షణ ఏర్పాటే. ముల్లు దిగిన చోటికి తెల్లకణాలూ ప్రొటీన్లూ రక్తంలోంచి బయటికి రావాలంటే ఎవరో ఒకరు ఆ తలుపు తీయాలి. ముల్లు లేకుండానే తలుపు తెరుచుకుంటే మాత్రం దద్దుర్లు.

మాత్రలు పనిచేయట్లేదనే వాళ్లని నేను మొదట అడిగేది ఎప్పుడు వేసుకుంటున్నారని. "దురద వచ్చినప్పుడు" అంటారు. తప్పు అక్కడే ఉంది. సెట్రిజిన్ హిస్టమిన్‌ని తుడిచిపెట్టదు, కణాల మీద హిస్టమిన్ వచ్చి కూర్చునే కుర్చీని (డాక్టర్లు హెచ్1 రిసెప్టర్ అంటారు) ముందే ఆక్రమిస్తుంది. కుర్చీ నిండాక పరిగెత్తుకొస్తే లాభం తక్కువ. అందుకే రోజూ ఒకే వేళకి, దద్దుర్లు లేని రోజు కూడా వేసుకోవాలి. రెండు వారాలకీ లొంగకపోతే డాక్టరు డోసు పెంచుతారు, మీరు సొంతంగా పెంచకండి. మెదడుని మెలకువగా ఉంచేది కూడా హిస్టమినే కాబట్టి పాతరకం మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. అవి వేసుకుని బండి నడపొద్దు.

ఆరు వారాలు దాటినా వస్తూనే ఉన్న దద్దుర్లకి చాలామందిలో తిండితో సంబంధం ఉండదు. వంకాయ, గోంగూర మానేసి నాలుక కట్టేసుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు.

ఒళ్లునొప్పులకి మాత్ర వేసుకున్న రోజు ఎక్కువవుతాయి

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్. ఇవి మాస్ట్ కణం మీద ఉన్న బ్రేకుని వదులు చేస్తాయి. చాలామందికి పారాసిటమాల్ పడుతుంది. మాత్ర మార్చి చూడండి.

దురద లేదు, దద్దురు లేదు, పెదవి మాత్రం ఉబ్బింది

బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడుతున్నారా? అయితే ఇది హిస్టమిన్ కాదు, బ్రాడికైనిన్ అనే వేరే రసాయనం. సెట్రిజిన్ ఎన్ని మింగినా దిగదు. మందు మొదలుపెట్టిన ఏళ్ల తర్వాత కూడా రావొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, బీపీ మందు మార్పిస్తారు.

చేప తిన్న గంటలో ముఖం ఎర్రబారింది

నా చేత తప్పు చేయించింది ఇదే.

ఒక సాయంత్రం క్యాజువాలిటీకి ఒకావిడ వచ్చింది. మధ్యాహ్నం బంధువుల ఇంట్లో కనగర్తల వేపుడు తిన్నదట. ముఖం, మెడ ఎండకి కాలినట్టు ఎర్రగా ఉన్నాయి, తల పగిలిపోతోంది, గుండె దడ, రెండుసార్లు విరేచనం. ఇంజెక్షన్ ఇచ్చాం, తగ్గింది. కేస్ షీట్ మీద "చేప ఎలర్జీ" అని రాసి పంపేశాను. ఆవిడ నాలుగేళ్లు చేప ముట్టలేదు. నాలుగేళ్ల తర్వాత వేరే పని మీద వచ్చిన ఆవిడ మరిది మాటల్లో అన్నాడు: "ఆ రోజు నాకూ ముఖం మండింది డాక్టరుగారూ, ఎండ దెబ్బ అనుకుని పడుకున్నా." నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, అడగలేదు: ఇంకెవరు తిన్నారు, వాళ్లకెలా ఉంది?

ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పూట చేప ఎలర్జీ మొదలవదు. ఆ రోజు ఆవిడ మాస్ట్ కణాల తప్పేమీ లేదు. హిస్టమిన్ ప్లేటులోంచే వచ్చింది.

కనగర్తలు, కవళ్లు, ట్యూనా, వంజరం లాంటి సముద్రపు చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది. చేప పట్టాక ఐసు సరిగా పడకపోతే దాని మీది బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి తయారైందా, పులుసులో మరిగినా, నూనెలో వేగినా, డీప్ ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. వాసన రాకపోవచ్చు. ఒకే చేపలో ఒక ముక్కలో ఎక్కువ, ఇంకో ముక్కలో తక్కువ ఉండొచ్చు, అందుకే అందరికీ ఒకేలా రాదు. నాలుకకి మిరియం లాంటి చురుకు తగులుతుందంటారు గానీ మన కారాల్లో అది ఎవరికి తెలుస్తుంది! (కనగర్త శాస్త్రీయ నామంలో ఉన్న "కనగుర్త" విశాఖ తీరం నుంచి వెళ్లిన మన మాటే. చేప మీద నాకు కోపమేమీ లేదు.)

హిస్టమిన్ బయటి నుంచి ఎక్కించినా ఒంట్లో ఇదంతా జరుగుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా 1910లోనే జంతువుల మీద చూపించారు. బీపీ పడిపోవడం, శ్వాసనాళాలు బిగుసుకోవడం అంతా అచ్చం ఎలర్జీలాగే. చూడ్డానికి తేడా తెలియదు కాబట్టే అడిగి తెలుసుకోవాలి. అదే రకం చేప ముందు ఎన్నోసార్లు తిని ఏమీ కాలేదా? ఉబ్బిన దద్దుర్ల కన్నా ఎరుపు, తలనొప్పి ఎక్కువా? ఒక్క రోజులో పూర్తిగా తగ్గిందా? అవునంటే చేప పాడైందనే ముందు అనుమానించండి. కచ్చితంగా తేలాలంటే, మొదటి కొన్ని గంటల్లో తీసిన రక్తంలో ట్రిప్టేజ్ అనే ఎంజైము చూస్తారు. మాస్ట్ కణాలు పగిలితే అది పెరుగుతుంది, చేపలోంచి వచ్చిన హిస్టమిన్‌కి పెరగదు. తర్వాత చర్మ పరీక్ష చేయించుకునేటట్టయితే డాక్టరు చెప్పినట్టు సెట్రిజిన్ లాంటివి సుమారు వారం ముందే ఆపాలి. లేకపోతే నిజమైన ఎలర్జీ కూడా లేనట్టే కనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది, ఇది చాలామంది డాక్టర్లకీ తట్టదు. తిండిలో వచ్చే హిస్టమిన్‌ని మన పేగులోని ఒక ఎంజైము విరగ్గొట్టేస్తుంది. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ ఆ ఎంజైముని అడ్డుకుంటుంది. ఇంట్లో అందరూ తిన్న చేపే, ఈ మందు వాడే మనిషికి మాత్రం ముఖం కందిపోయి దడ పుడుతుంది. అప్పుడు నేను చెప్పిన "ఇంకెవరికి వచ్చింది" ప్రశ్న కూడా మోసం చేస్తుంది. మందుల చీటీ అడగండి. టీబీ మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. కోర్సు అయ్యేదాకా ఈ చేపలే పక్కన పెట్టండి.

చేపలోంచి వచ్చిన హిస్టమిన్‌కి చికిత్స తేలికే. సెట్రిజిన్ లాంటి మాత్ర, అవసరమైతే దాంతో పాటు ఫామోటిడిన్ (ఎసిడిటీకి వాడే మాత్ర), బీపీ తగ్గితే సెలైన్. ఇక మీదట చేప కొంటే ఐసులో ఉన్నదే కొనండి, స్కూటర్ డిక్కీలో ఎండలో తిప్పకండి, ఇంటికి రాగానే వండండి లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆవిడకి చర్మ పరీక్షలో ఏమీ రాలేదు. ఆసుపత్రిలోనే, అడ్రినలిన్ దగ్గర పెట్టుకుని, తాజా కనగర్త కొంచెం కొంచెంగా తినిపించి చూశాం. ఏమీ కాలేదు. ఈ పరీక్ష ఇంట్లో చేయకండి.

మిగతావి

చలిగాలికి లేచే దద్దుర్లు, వంశపారంపర్యంగా వచ్చే వాపులు, మాస్ట్ కణాలే మితిమీరి పెరిగే జబ్బు ఉన్నాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు దద్దుర్లు ఉన్నప్పుడు తీసిన ఫొటో, పెన్ను గీత పక్కన రాసిన టైమ్, వాడుతున్న మాత్రల పేర్లన్నీ తెచ్చుకోండి. చేప కేసయితే మిగిలిన ముక్క పారేయకుండా కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో ఉంచండి. అందులో హిస్టమిన్ ఎంతుందో ల్యాబ్‌లో కొలవొచ్చు.