చోక్ తీస్తే ఆగిపోయే వీడర్ ఇంజిన్: నా అనుభవం

ఆరు నెలలు షెడ్డులో ఉన్న మా పెట్రోల్ పవర్ వీడర్ (కలుపు తీసే యంత్రం) చోక్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని తగ్గించే మీట) వేస్తేనే స్టార్టయ్యేది, తీయగానే ఆగిపోయేది. ప్లగ్గు మార్చాను, ఫిల్టర్ కడిగాను, కొత్త పెట్రోలు పోశాను, ఫలితం లేదు.

చివరికి పెట్రోలు కాక్ కట్టేసి, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) కింది గిన్నె విప్పాను. అడుగున బెల్లం పాకంలా జిగురు. మధ్యలో ఉన్న మెయిన్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క) తీసి వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రమే కనబడలేదు. దాన్నీ, దాని వెనకున్న సన్నని ఇత్తడి గొట్టాన్నీ రాత్రంతా కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పొద్దున కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో పొడిచాను. ఇనుప సూది మాత్రం వాడొద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. గొట్టం గోడలకుండే చిన్న రంధ్రాలు కూడా చూడండి. నేను మొదట వాటిని వదిలేసి మళ్లీ విప్పాల్సి వచ్చింది.

కొత్త రబ్బరు రింగు వేసి బిగించాక రెండోసారి తాడు లాగితే స్టార్టయింది, చోక్ తీసినా ఆగలేదు. మీది చోక్‌తో కూడా స్టార్ట్ కాకపోతే కారణం వేరే ఉండొచ్చు.