మునక హెచ్చరిక బ్యాండ్ మొరాయిస్తోందా? సమస్య – పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో పెరటి తలుపు తీస్తే చెరువుగట్టు కనిపించే ఇళ్లున్నాయి. తల్లి అంట్లు తోముతూ ఉండగా రెండేళ్ల పిల్ల నాలుగడుగులు వేస్తే చాలు. మునిగే పసిపిల్లలు కేకలు వేయరు. కేక వేయాలంటే ముందు నోరు నీటిపైకి రావాలి కదా. 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని, వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లల ఒంటికి కట్టే, నీటిలో పడితే ఇంట్లోని రిసీవరుకు బ్లూటూత్ సంకేతం పంపి మోగించే హెచ్చరిక బ్యాండ్ ఒకటి చేద్దామని ఉత్సాహపడే డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఈ నాలుగు మాటలు. బల్ల మీద ఏ పరికరమైనా పనిచేస్తుంది. గట్టు మీదికి వెళ్లాకే దాని బండారం బయటపడుతుంది.

నేల మీద మోగుతుంది, నీటిలో ముంచితే మోగదు

కారణం: బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు మింగేస్తుంది. మంచినీటిలోనే సెంటీమీటరుకు సుమారు రెండున్నర డెసిబెల్స్ పోతాయి (పది డెసిబెల్స్ పోయాయంటే సంకేతం బలం పదో వంతుకు పడిపోయినట్టు). అడుగు లోతుకు వెళ్లేసరికి సంకేతంలో కోటో వంతు కూడా మిగలదు. గోపాల్‌పూర్ తీరాన ఉప్పునీటిలో అయితే ఇంకా త్వరగా చచ్చిపోతుంది.

పరిష్కారం: ఇక్కడ చాలామందికి తట్టే ఉపాయం 865 మెగాహెర్ట్జ్ లోరా మాడ్యూలుకు (తక్కువ శక్తితో దూరానికి సంకేతం పంపే రేడియో ముక్కకు) మారడం. దాని సంకేతం దూరం పోతుందన్న మాట నిజమే. అయినా నన్నడిగితే అది తప్పు దారి. మునిగాక సంకేతం పంపాలన్న ఆలోచననే తిరగేయండి. బ్యాండ్ అర సెకనుకోసారి ‘ఉన్నాను’ అని చెబుతూ ఉండాలి. ఆ మాట ఆగిపోతే ఇంట్లోని రిసీవర్ అరవాలి. అప్పుడు నీరు సంకేతాన్ని మింగడమే మనకు సెన్సర్‌గా పనికొస్తుంది. బ్యాటరీ అయిపోయినా, బ్యాండ్ పగిలినా, పిల్లవాడు పెరడు దాటి దూరం పోయినా సైరనే మోగుతుంది. ఈ పద్ధతిలో 865 ఎందుకు పనికిరాదంటే, మంచినీటిలో అడుగు లోతున దానికి తగ్గేది సుమారు పది డెసిబెల్సే. మోకాలి లోతు గుంటలో మునిగిన పిల్ల క్షేమంగా ఉన్నట్టే రిసీవరుకు వినిపిస్తూ ఉంటుంది. నీటికి లొంగిపోయే 2.4 గిగాహెర్ట్జ్ పిరికి తరంగమే ఇక్కడ మేలు. దాని శక్తిని కూడా తగ్గించి, సంకేతం పెరటి హద్దు దగ్గరే ఆగేలా చూసుకోండి.

ఊరికే అరుస్తుంది

పరికరాన్ని చంపేది ఈ జబ్బే. “ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది బాబూ, అందుకే తీసి గూట్లో పెట్టేశాను” అని మామ్మ అన్న రోజున మీ ప్రాజెక్టు ముగిసినట్టే.

కారణాలు రెండు. మొదటిది, తడిని పసిగట్టడానికి బ్యాండ్‌కు పెట్టే రెండు లోహపు పిన్నులు. చెమటకు, వానకు, స్నానానికి, పక్క తడపడానికి అన్నిటికీ అవి ఒకేలా స్పందిస్తాయి. పైగా వాటిలో ఎప్పుడూ ఒకే దిశలో కరెంటు పారితే కొన్ని వారాలకే ఒక పిన్ను తినుకుపోయి, రెండోదాని మీద తెల్లటి పొర పేరుకుంటుంది. రెండో కారణం, పిల్లవాడి ఒళ్లే. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి బ్యాండ్ మీద బోర్లా పడుకున్నా, అమ్మ గట్టిగా ఎత్తుకున్నా సంకేతం తెగుతుంది. రేకుల గోడ అడ్డు వచ్చినా అంతే.

పరిష్కారం: తడి పిన్నులు ఒంటరిగా సైరన్ మోగించే అధికారం తీసేయండి. వాటిని ఉంచాలనుకుంటే ఎప్పుడో ఒక క్షణం మాత్రమే, అదీ దిశ మారుస్తూ కరెంటు ఇవ్వండి. రిసీవర్లు రెండు పెట్టండి: ఒకటి వసారాలో, ఒకటి పెరటి గుంజకు. రెండింటికీ సంకేతం తెగితేనే లెక్క. మూడు సెకన్లకు చిన్న కూత, పది సెకన్లకు సైరన్. పది సెకన్లు ఆగితే కొంప మునగదా అని అడుగుతారు. ఊపిరి అందని మెదడుకు కోలుకోలేని దెబ్బ తగలడం సాధారణంగా నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మొదలవుతుంది. ఆ లెక్కలో పది సెకన్లు భరించవచ్చు, రోజుకు ఇరవై దొంగ కూతలను మాత్రం ఏ ఇల్లూ భరించదు. నోరు మూయించే మీట ఒకటి ఇవ్వండి గానీ, రెండు నిమిషాల తర్వాత అది దానంతట అదే మళ్లీ కాపలాకు రావాలి. శాశ్వతంగా ఆపే స్విచ్ పెట్టారంటే అది ఆగిపోయే ఉంటుంది.

మొదట్లో బాగుంది, తర్వాత లోపల నీరు చేరింది

నీరు చొరబడదని చెప్పే ఐపీ67 గుర్తు అంటే మీటరు లోతు నీటిలో అరగంట పరీక్ష. కదలని నీరు, కొత్త వస్తువు. మన బ్యాండ్ మే నెల ఎండలో వేడెక్కి ఒక్కసారిగా చల్లటి బావినీటిలో పడుతుంది. లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, సందు వెంట్రుకవాసి ఉన్నా నీటిని లోపలికి లాగుతుంది. ఎండలో పెట్టిన బ్యాండ్‌ను చల్లటి నీళ్ల బకెట్లోకి దింపి తీసి, మర్నాడు కళ్లు పెట్టి చూడండి: సందు ఉంటే ఎల్‌ఈడీ గాజు మీద లోపలి వైపు మసక పడుతుంది.

ఖాళీ గాలి లేకుండా సర్క్యూటును సిలికాన్‌తో నింపేయడమే మందు. కొనేటప్పుడు వాసన చూడండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరుతూ అసిటిక్ ఆమ్లం వదిలి రాగి తీగలను తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి.

పిల్లలు పీకేస్తారు

మణికట్టు మీద ఏది కట్టినా నోట్లోకి పోతుంది. మెడకు తాడు వద్దే వద్దు, ఉరి పడుతుంది. మన ఇళ్లలో పసివాళ్లకు మొలతాడు ఎలాగూ ఉంటుంది, దానికి వాళ్లు అలవాటు పడి ఉంటారు. పరికరాన్ని మణికట్టు బ్యాండ్‌గా కాక చిన్న బిళ్లగా చేసి అక్కడే, బొడ్డు వైపు ఉండేలా కట్టండి. బోర్లా తేలే పిల్లకు వీపు నీటి మట్టానికి దగ్గరగా ఉంటుంది, పొట్ట కిందికి ఉంటుంది; వీపు వైపు కడితే సంకేతం తెగకపోవచ్చు. కొమ్మకో మేకుకో తగులుకుంటే తెగిపోయే బలహీనమైన ముడి ఒకటి ఉండాలి. గుండీ బ్యాటరీ బయటికి రాకూడదు: మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది.

బకెట్లో తలకిందులుగా పడిన పిల్లకు నడుము తడవదు, కాబట్టి ఈ బిళ్ల అక్కడ పనికిరాదు. బకెట్లు బోర్లించడం, తొట్టికి మూత వేయడం తప్ప దానికి వేరే పరికరం లేదు.

నీటిలో పడగానే బ్యాండే బుడగలా ఉబ్బితే?

ఆశగా ఉంటుంది. మణికట్టుకు కట్టిన బుడగ చేతిని తేలుస్తుంది, ముఖాన్ని కాదు. బుడగను ఉబ్బించడానికి వాడే, నీటికి కరిగే మాత్రతో పేలే గ్యాస్ గొట్టాలు మన తేమకే పేలిపోవచ్చు. వదిలేయండి.

సైరన్ మోగింది, ఎవరూ రాలేదు

కారణం సాధారణంగా ఫోనే. హెచ్చరికను తండ్రి ఫోనుకు పంపుతారు. గంజాం జిల్లాలో ఎందరో తండ్రులు సూరత్ మగ్గాల దగ్గర ఉంటారు. అక్కడ ఫోను మోగి ఏం లాభం? మోటారు సైకిల్ హారన్ లాంటిది, పక్కింటికి కూడా వినిపించేది, పెరటి గోడకు బిగించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు కాబట్టి రిసీవరుకు సొంత 12 వోల్టుల బ్యాటరీ తప్పనిసరి.

ఇంట్లో వాళ్లకు నేర్పవలసింది: కూత వినగానే ముందు నీటి వైపు పరుగెత్తాలి, గదులు తర్వాత వెతకవచ్చు. బయటికి తీశాక ఊపిరి లేకపోతే తలకిందులుగా ఊపవద్దు, పొట్ట నొక్కవద్దు. ముందు అయిదుసార్లు నోటితో ఊపిరి ఊది, ఆ తర్వాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. పక్కవాళ్లు ఆలోపు 108కి ఫోను చేయాలి.