బోర్డు పలకడం లేదా? యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌ను పరీక్షించి, డీటీఆర్ తీగ అతికించుకోవడం ఎలా?

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర మా బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద ఒక చిన్న బోర్డు ఉంది. నీటి వేడిని గంటకోసారి నమోదు చేయడమే దాని పని. కిందటి శ్రావణంలో దాని ప్రోగ్రాము మార్చాల్సి వచ్చి, ల్యాప్‌టాప్‌తో గట్టు మీద కూర్చున్నాను. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ (ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకూ బోర్డుకూ మధ్య మాటలు చేరవేసే చిన్న పరికరం) తగిలించగానే ఎర్ర దీపం వెలిగింది. అప్‌లోడ్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ముందు రాత్రి పిడుగులు పడ్డాయి కాబట్టి బోర్డు పోయిందని బాబాయి తేల్చేశారు. నేనూ నమ్మి, దాన్ని ఊడదీసి ఇంటికి తెచ్చాను. తీరా చూస్తే బోర్డు నిక్షేపంలా ఉంది. అడాప్టర్ కూడా బాగానే ఉంది. తప్పంతా కేబులుది. మెనూలో కనిపించిన పోర్టేమో ల్యాప్‌టాప్‌లోని బ్లూటూత్‌ది!

శివారు మడికి నీరు అందనప్పుడు మడిలో నిలబడి తిట్టుకుంటే లాభం లేదని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. తూము దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట నడుచుకుంటూ వస్తాడు. ఇక్కడ తూము యూఎస్‌బీ పోర్టు, శివారు మడి మైక్రోకంట్రోలర్, అంటే బోర్డు మీద ప్రోగ్రామును నడిపే చిప్. మనమూ అదే దారిలో నడుద్దాం.

దగ్గర ఉంచుకోవలసినవి: మల్టీమీటర్, సన్నమొన సాల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్ (సాల్డర్ బాగా పట్టేందుకు రాసే పదార్థం), మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే సన్నని జంపర్ వైరు, ‘104’ అని ముద్ర ఉన్న 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 1 కిలోఓము, 2 కిలోఓముల రెసిస్టర్లు. భూతద్దం ఉంటే కళ్లకు సుఖం.

1. కేబులు

యూఎస్‌బీ 2.0 కేబులులో మామూలుగా నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకు. తెలుపు, ఆకుపచ్చ సమాచారానికి. ఇయర్‌ఫోన్లతో, పవర్ బ్యాంకులతో వచ్చే కేబుళ్లలో కొన్నిటికి ఈ రెండో జత ఉండనే ఉండదు. దీపం వెలుగుతుంది, మాట మాత్రం సాగదు. అదే కేబులుతో ఫోను నుంచి ఒక ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించి చూడండి. ఫొటో వస్తే కేబులు మంచిదే.

2. కంప్యూటర్ గుర్తిస్తోందా?

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి అడాప్టర్ తీసి పెట్టండి. తీసినప్పుడు మాయమై, పెట్టినప్పుడు ప్రత్యక్షమయ్యే కామ్ పోర్టు నంబరే మీది. పక్కన పసుపు గుర్తు ఉంటే డ్రైవర్ కుదరలేదని అర్థం. అప్పుడు అడాప్టర్ మీది చిప్ పేరు చదవాలి. 16 కాళ్లతో, పక్కన వెండి రంగు క్రిస్టల్‌తో ఉంటే చాలా వరకు సీహెచ్340జీ. కాళ్లు బయటకు కనిపించని చిన్న చతురస్రమైతే సీపీ2102 కావచ్చు. 28 కాళ్లుంటే ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ అయి ఉంటుంది. ఏ చిప్‌కు ఆ డ్రైవరే వేయాలి.

నకిలీ చిప్‌ల గొడవ కూడా ఉంది. పీఎల్2303 అనే ఇంకో రకం అడాప్టర్ చిప్‌కు వచ్చిన నకిలీలకు కొత్త డ్రైవర్ ‘కోడ్ 10’ అని మొండికేస్తుంది. 2014లోనైతే ఎఫ్‌టీ232 చిప్‌లు చేసే ఎఫ్‌టీడీఐ సంస్థ విడుదల చేసిన డ్రైవర్ నకిలీ చిప్‌లలోని గుర్తింపు సంఖ్యను ఏకంగా సున్నాగా మార్చేసింది. తెలియక నకిలీ కొన్నవారి అడాప్టర్లు రాత్రికి రాత్రి మూగబోయాయి.

లినక్స్‌లో డ్రైవర్ ముందే ఉంటుంది. కానీ మీ ఖాతా ‘డయలౌట్’ అనే గుంపులో లేకపోతే పోర్టు తెరుచుకోదు. ఉబుంటు 22.04లో ఇంకో చిక్కుంది. చూపులేనివారి బ్రెయిలీ యంత్రాల కోసం పెట్టిన ‘బీఆర్‌ఎల్‌టీటీవై’ అనే ప్రోగ్రాము సీహెచ్340ని తన యంత్రమే అనుకుని పట్టేసుకుంటుంది. మీ ఇంట్లో ఎవరికీ దాని అవసరం లేకపోతే తీసేయండి, అడాప్టర్ వెంటనే కనిపిస్తుంది.

3. అడాప్టర్‌ను ఒంటరిగా పలకరించడం

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. ఖర్చు లేదు, అర నిమిషం చాలు. బోర్డుకు వెళ్లే తీగలన్నీ తీసేయండి. అడాప్టర్ మీది టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) పిన్నులను చిన్న తీగతో కలపండి. సీరియల్ మానిటర్ (పోర్టుకు మాటలు పంపి, వచ్చినవి చూపించే కిటికీ) తెరిచి ఏదైనా టైపు చేసి పంపండి. పంపిన మాట మళ్లీ మీకే తిరిగి రావాలి. ఇప్పుడు తీగ పీకి మళ్లీ పంపండి. ఈసారి రాకూడదు. ఈ రెండో సగం మానేయకండి. కొన్ని ప్రోగ్రాములు మనం కొట్టిన అక్షరాన్ని తామే తెర మీద చూపించి బోల్తా కొట్టిస్తాయి.

తీగ ఉన్నా ఏమీ రాకపోతే ‘హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్’ అనే అమరిక తీసేసి చూడండి. అప్పటికీ లేకపోతే అడాప్టర్‌నే అనుమానించవచ్చు. మాట తిరిగి వచ్చిందంటే ఇక దాని జోలికి పోకండి. తప్పు ముందుకు ఎక్కడో ఉంది. ఒక్క విషయం: పంపేదీ అందుకునేదీ ఒకే చిప్ కాబట్టి వేగం (బాడ్ రేటు, అంటే సెకనుకు పంపే బిట్ల సంఖ్య) తప్పుగా పెట్టినా ఈ పరీక్ష నెగ్గుతుంది.

4. ఎన్ని వోల్టులు?

సీరియల్ తీగ ఖాళీగా ఉన్నప్పుడు పై వోల్టేజీలోనే నిలబడి ఉంటుంది. కాబట్టి మల్టీమీటర్ నల్ల ప్రోబును గ్రౌండ్ మీద, ఎర్ర ప్రోబును టీఎక్స్ మీద పెడితే అడాప్టర్ 3.3 వోల్టులతో మాట్లాడుతోందో 5 వోల్టులతో మాట్లాడుతోందో తెలిసిపోతుంది. అడాప్టర్ మీది పసుపు జంపర్‌ను (వోల్టేజీ ఎంచుకోవడానికి పిన్నులకు తొడిగే చిన్న ముక్క) గుడ్డిగా నమ్మవద్దు. కొన్నిటిలో అది సప్లై పిన్నును మాత్రమే మారుస్తుంది, టీఎక్స్ మాత్రం 5 దగ్గరే ఉండిపోతుంది.

వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 వంటి 3.3 వోల్టుల చిప్‌కు 5 వోల్టుల టీఎక్స్ ఇవ్వాల్సి వస్తే మధ్యలో 1 కిలోఓము, దాని చిప్ వైపు కొస నుంచి గ్రౌండ్‌కు 2 కిలోఓములు పెట్టండి. చిప్‌కు చేరేది దాదాపు 3.3 వోల్టులే. ఆ చిప్‌కు కావలసిన కరెంటును కూడా అడాప్టర్ నుంచి ఆశించకండి. వైఫై మొదలైనప్పుడు అది ఒక్కసారిగా 300 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ 3.3 వోల్టుల పిన్ను ఇవ్వగలిగింది 50 మిల్లీఆంపియర్లే. వేరే రెగ్యులేటర్ పెట్టుకోవడమే మేలు.

5. తీగలు, వేగం

ఒకరి నోరు ఇంకొకరి చెవికి కలవాలి. అంటే అడాప్టర్ టీఎక్స్ బోర్డు ఆర్‌ఎక్స్‌కు, అటుదీ ఇటు. గ్రౌండ్ రెండింటికీ ఒకటే. ఆర్డుయినో ప్రో మినీ అనే చిన్న బోర్డులో 16 మెగాహెర్ట్జ్ 5 వోల్టుల రకం, 8 మెగాహెర్ట్జ్ 3.3 వోల్టుల రకం రెండూ ఉన్నాయి. మెనూలో ఒకటికి బదులు ఇంకోటి ఎంచుకుంటే ‘నాట్ ఇన్ సింక్’ అనే మొర తప్పదు. ఈఎస్‌పీ8266 లేవగానే 115200 వేగంలో పిచ్చి గీతలు కనిపిస్తే కంగారు పడకండి. దాని తొలి పలుకులు సాధారణంగా 74880 వేగంలో వస్తాయి.

6. డీటీఆర్ తీగ అతికించడం

ఆర్డుయినో చిప్‌లోని బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామును చిప్‌లోకి ఎక్కించుకునే చిన్న ప్రోగ్రాము) రీసెట్ అయిన కొద్దిసేపే కొత్త ప్రోగ్రాము కోసం ఎదురుచూస్తుంది. ఆ సందు దాటితే పాత ప్రోగ్రాములోకి వెళ్లిపోతుంది. పోర్టు తెరవగానే అడాప్టర్ మీది డీటీఆర్ అనే పిన్ను ఇచ్చే సంకేతంతో ఆ రీసెట్ దానంతట అదే జరుగుతుంది. డీటీఆర్ లేని అడాప్టర్‌తో అప్‌లోడ్ చేయాలంటే ఆ క్షణానికి సరిగ్గా రీసెట్ బటన్ నొక్కాలి. బల్ల ముందు సరే, చెమట చేతులతో గట్టు మీద అది నరకం.

చవక అడాప్టర్లలో ఈ పిన్నును బయటకు తీయకపోవచ్చు, కానీ చిప్ మీద అది ఉంటుంది. సీహెచ్340జీ మీద చుక్కను ఎడమ పై మూలకు వచ్చేలా తిప్పండి. ఎడమవైపు పైనుంచి కిందికి 1 నుంచి 8. కుడివైపు కింద నుంచి పైకి 9 నుంచి 16. మనకు కావలసినది 13, అంటే కుడివైపు పైనుంచి నాలుగో కాలు. సీపీ2102లో 28వ పిన్ను. అది ఒకటో పిన్ను ఉన్న మూలలోనే, పక్క అంచు మీద ఉంటుంది. అక్కడ పిన్నుల మధ్య దూరం అర మిల్లీమీటరే కాబట్టి మొదటిసారి చేసేవారు సీహెచ్340జీతోనే మొదలుపెట్టండి. కొన్ని సీపీ2102 అడాప్టర్ల మీద ‘ఆర్‌ఎస్‌టీ’ అని ఒక పిన్ను ఉంటుంది. అది ఆ చిప్ తన సొంత రీసెట్. మన పనికి రాదు.

అడాప్టర్‌ను కంప్యూటర్ నుంచి తీసేయండి. కాలి మీద ఫ్లక్స్ రాయండి. జంపర్ వైరు కొసను గీకి, ముందే కాస్త సాల్డర్ పట్టించండి. కాలికి ఆనించి, ఐరన్‌తో ఒక్క సెకను తాకి తీసేయండి. తర్వాత 12, 14 కాళ్లతో అంటుకోలేదని మల్టీమీటర్‌తో చూసుకోండి. తీగను రెండు మిల్లీమీటర్ల అవతల గ్లూ గన్‌తో అంటించండి. లేకపోతే ఎవరో ఒకరు లాగి, కాలితో సహా ఊడదీస్తారు. ఇప్పుడు మీటర్ తీగ మీద ఉంచి సీరియల్ మానిటర్ తెరవండి. అప్పటిదాకా పైన ఉన్న వోల్టేజీ సున్నా దగ్గరకు పడిపోవాలి.

ఈ తీగను నేరుగా రీసెట్‌కు కలపకూడదు. నేరుగా కలిపితే మానిటర్ తెరిచి ఉన్నంతసేపూ తలుపు మీద చేయి ఆన్చి తోసినట్టే, చిప్ లేవనే లేవదు. మధ్యలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే ఒకసారి తలుపు తట్టి చేయి తీసేసినట్టవుతుంది. ప్రో మినీ బోర్డు మీద ఈ కెపాసిటర్ ముందే ఉంది. దానికి తీగ చాలు, ఇంకోటి పెడితే తట్టే బలం తగ్గుతుంది. బోర్డు కాకుండా మీరే అమర్చుకున్న ఏటీమెగా328పీ (ఆర్డుయినోల్లో వాడే చిప్) అయితే కెపాసిటర్‌తో పాటు రీసెట్ నుంచి సప్లైకి 10 కిలోఓముల రెసిస్టర్ కూడా వేయండి.

7. గట్టు మీద పని

బోర్డుకు తన సొంత సప్లై ఉంటే అడాప్టర్ సప్లై పిన్నును కలపవద్దు. గ్రౌండ్, టీఎక్స్, ఆర్‌ఎక్స్, డీటీఆర్ చాలు. ఏరియేటర్ (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రం) స్టార్టర్ డబ్బాలో మూడు ఫేజుల కరెంటు ఉంటుంది. దాన్ని మెయిన్ దగ్గరే ఆపించి, ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ లేకుండా బ్యాటరీ మీదే నడపండి.

మన ఉప్పుగాలికి రాగి ఊరకే చిలుము పడుతుంది. పిన్నుల మొదట్లో ఆకుపచ్చ కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికాజెల్ పొట్లాలు పారేయకుండా, అడాప్టర్‌ను వాటితో పాటు మూత బిగుతుగా ఉన్న సీసాలో దాచండి.

నా అడాప్టర్ వెనక తెల్ల ప్లాస్టర్ ముక్క మీద ‘సీహెచ్340, టీఎక్స్ 5 వోల్టులు, డీటీఆర్ పసుపు తీగ’ అని రాసి ఉంటుంది. ఆనాటి కేబులును మాత్రం బాబాయి ఫోను ఛార్జింగుకు తీసుకున్నారు. ఆ పనికి అది చక్కగా సరిపోయింది.