ట్రేడింగ్‌వ్యూలో సెక్టార్ బలం చూడటం

ఐటీ ఇండెక్స్ పెరిగిందా అని కాదు, నిఫ్టీ కంటే ఎక్కువ పెరిగిందా అని చూడాలి. అందుకు ట్రేడింగ్‌వ్యూ అనే చార్టుల సైట్‌లో రేషియో చార్ట్ (ఐటీ ఇండెక్స్‌ను నిఫ్టీతో భాగిస్తే వచ్చే చార్ట్) చాలు.

సింబల్ బాక్సులో సీఎన్‌ఎక్స్‌ఐటీ (నిఫ్టీ ఐటీ ఇండెక్స్ సింబల్), స్లాష్ (/), నిఫ్టీ అని ఖాళీ లేకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. టైమ్‌ఫ్రేమ్ వారానికి మార్చండి; రోజువారీ చార్టులో గోల (అర్థం లేని చిన్న కదలికలు) ఎక్కువ. క్యాండిల్స్ వద్దు, లైన్ పెట్టండి. రెండు ఇండెక్సుల గరిష్ఠాలు ఒకే క్షణంలో రావు కాబట్టి రేషియో క్యాండిల్ వత్తులను (గరిష్ఠ, కనిష్ఠాలు చూపే సన్న గీతలను) నమ్మలేం. పైన 20 వారాల మూవింగ్ యావరేజ్ (గత 20 వారాల సగటు గీత) వేయండి.

రేషియో లైన్ పైకెళ్తే లాభమనుకోవద్దు. నిఫ్టీ 5%, ఐటీ 2% పడినా రేషియో సుమారు 3.2% పెరుగుతుంది (98/95). అందుకే పక్కనే ఐటీ అసలు చార్టూ తెరిచి ఉంచండి.

చాలామంది బోల్తా పడేది ఒకే చార్టులో రెండు సింబల్స్‌ను పోల్చే కంపేర్ బటన్‌తో. అందులో శాతాలు తెరపై ఎడమ చివర కనిపించే బార్ నుంచి లెక్కవుతాయి. చార్ట్ కాస్త జరిపితే అంకెలన్నీ మారిపోతాయి. ముందుగా పోలిక మొదలయ్యే తేదీ ఖాయం చేసుకోండి.

ఇంకోటి, నిఫ్టీ ఐటీలో ఉన్నవి 10 షేర్లే. రెండు పెద్ద కంపెనీలు కదిలితే సెక్టార్ మొత్తం కదిలినట్టే కనిపిస్తుంది.