పైథాన్‌తో కంపనాల లెక్కలు - 3వ పాఠం: గరిష్ఠ కదలిక ఎంత?

కిందటి పాఠంలో సిమ్యులేషన్ ఫైల్‌లోని స్థానభ్రంశాల (బిందువులు ఎంత కదిలాయో చెప్పే సంకీర్ణ సంఖ్యల) వాస్తవ, కల్పిత భాగాలను చదివి, రెంటినీ కలిపి ఒకే నంపై అర్రేగా, అంటే సంఖ్యల వరసగా, పెట్టుకున్నాం. (నంపై అంటే పైథాన్‌లో సంఖ్యల లెక్కల లైబ్రరీ, కోడ్‌లో దాన్నే ఎన్‌పి అంటాం.) ఇవాళ ఆ అర్రేతోనే పని.

ముందు ఒక్క బిందువు, ఒక్క దిశ. స్థానభ్రంశం 3 - 4జె మిల్లీమీటర్లు అనుకోండి. (జె అంటే -1కి వర్గమూలం. లెక్కల పుస్తకాల్లోలా జె బదులు ఐ రాస్తే పైథాన్ ఒప్పుకోదు.) ఎన్‌పి.యాబ్స్ దాని పరిమాణం 5 ఇస్తుంది. ఎన్‌పి.యాంగిల్ ఇచ్చే కోణాన్ని రేడియన్ల నుంచి డిగ్రీల్లోకి మారిస్తే దాదాపు -53. అంటే బిందువు అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల దాకా ఊగుతోంది, దాన్ని ఊపే బలం కంటే 53 డిగ్రీలు వెనకబడి. ఇంతవరకు సులువే.

చిక్కంతా దిశలు కలిసినప్పుడు వస్తుంది. ఎక్స్ దిశలో 3, వై దిశలో 4జె ఉన్నాయి. మొత్తం కదలిక ఎంత? చాలామంది వెంటనే యాబ్స్ తీసి, వర్గాలు కలిపి, వర్గమూలం కట్టి 5 అనేస్తారు. ఆ 5 తప్పు. ఎక్స్ తన 3ని అందుకున్న క్షణంలో వై సున్నా దగ్గర ఉంటుంది. వై 4కి చేరేసరికి ఎక్స్ సున్నాకి వచ్చేస్తుంది. రెండూ ఒకేసారి గరిష్ఠంలో ఉండవు. బిందువు దీర్ఘవృత్తంలో తిరుగుతుంది, కేంద్రం నుంచి దాని అత్యధిక దూరం 4 మాత్రమే. యాబ్స్ తీయగానే ఫేజ్ (ఏది ఎంత ముందు, ఎంత వెనక అని చెప్పే కోణం) పోయింది, తప్పు అక్కడే జరిగింది.

సరైన దారి ఇది. 0 నుంచి 355 డిగ్రీల దాకా 5 డిగ్రీలకొకటి చొప్పున 72 కోణాలు తీసుకోండి, ఒక్కో కోణం ఒక పూర్తి ఊపులో ఒక్కో క్షణం. ఒక్కో కోణాన్ని రేడియన్లలోకి మార్చి, 1జెతో గుణించి, ఎన్‌పి.ఎక్స్‌ప్‌కి ఇవ్వండి. వచ్చినదాన్ని రెండు దిశల స్థానభ్రంశాలతోనూ గుణించండి. అప్పుడు వాస్తవ భాగాలు తీసి, వాటి వర్గాల మొత్తానికి వర్గమూలం కట్టండి. ఆ 72 విలువల్లో పెద్దదే జవాబు. మన ఉదాహరణకి కచ్చితంగా 4 రావాలి. రాకపోతే ముందుకెళ్లకుండా రేడియన్ల దగ్గర వెతకండి.

ఇంకొకటి. సంకీర్ణ అర్రేకి నేరుగా ఎన్‌పి.మ్యాక్స్ వేయకండి. అది ముందు వాస్తవ భాగాలనే పోల్చి చూస్తుంది, కాబట్టి 1, 100జె ఇస్తే పెద్దది 1 అంటుంది, ఎర్రరూ ఇవ్వదు. యాస్‌టైప్‌తో ఫ్లోట్‌లోకి మారిస్తే మాత్రం కల్పిత భాగం పోయిందని వార్నింగ్ వస్తుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి.

అభ్యాసం: ఎక్స్ 3, వై 4 తీసుకుని ఇదే ప్రోగ్రామ్ నడపండి. ఈసారి 5 ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాసుకోండి. వచ్చే పాఠంలో ఇదే పద్ధతిని ఒత్తిడి విలువలకి వాడతాం.