విసెరా నివేదిక, డాక్టరు తుది అభిప్రాయం: ప్రతుల కోసం దరఖాస్తు ఇలా

చేనుకు మందు కొట్టి వచ్చిన మనిషి రాత్రికి కుప్పకూలిపోతాడు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారేసరికి లేవడు. ఇలాంటి మరణాల్లో గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి వచ్చే పోస్టుమార్టం కాగితంలో మరణ కారణం ఉండవలసిన చోట చాలాసార్లు ఒకే వాక్యం కనిపిస్తుంది: విసెరా పరీక్ష ఫలితం వచ్చాక అభిప్రాయం చెబుతాం. ఆ వాక్యం దగ్గరే బీమా సొమ్ము ఆగిపోతుంది. విసెరా అంటే విషం ఉందో లేదో తేల్చడానికి ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపే శరీరం లోపలి అవయవాల భాగాలు.

ముందుగా ఒక మాట. ఫోరెన్సిక్ ప్రయోగశాలకు కుటుంబ సభ్యులు నేరుగా దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు. పోలీసులో, కోర్టో పంపిన నమూనాలనే వారు పరీక్షించి, పంపిన వారికే నివేదిక ఇస్తారు. కాబట్టి బస్సెక్కి మంగళగిరి వెళ్లి ప్రయోగశాల గేటు దగ్గర నిలబడి ప్రయోజనం లేదు. మీ దరఖాస్తు వెళ్లవలసింది కేసు నమోదైన పోలీసు స్టేషన్‌కే.

అసలు ఏమి పంపుతారో తెలిస్తే ఏమి అడగాలో తెలుస్తుంది. పోస్టుమార్టం చేసిన డాక్టరు కడుపును అందులో ఉన్న పదార్థంతో సహా, చిన్నపేగు ముక్కను, కాలేయం, మూత్రపిండాల భాగాలను తీసి, చిక్కటి ఉప్పునీటిలో ఉంచి సీసాలకు మూత బిగిస్తారు. రక్తం గడ్డకట్టకుండా, చెడిపోకుండా మందు కలిపి వేరే సీసాలో పోస్తారు. వీటితో పాటు ఉత్త ఉప్పునీటి సీసా ఒకటి వెళుతుంది. దొరికిన విషం ఆ ఉప్పునీటి నుంచి వచ్చింది కాదని తేల్చడానికే అది. సీసాలకు గుడ్డ చుట్టి లక్కతో సీలు వేస్తారు, ఆ సీలు ముద్రను ఒక కాగితం మీద కూడా వేసి పంపుతారు. ప్రయోగశాలలో మొదట ఆ రెండు ముద్రలనూ సరిపోల్చిన తరువాతే పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీ వంటి పద్ధతులతో పురుగుమందు, మద్యం, నిద్రమాత్రల జాడ వెతుకుతారు.

దరఖాస్తు తెల్లకాగితం మీద, స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరున రాయండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ, సెక్షన్ (అనుమానాస్పద మరణమైతే సాధారణంగా కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194, 2024 జులైకి ముందువైతే పాత చట్టం సీఆర్‌పీసీ 174), మృతుని పేరు, పోస్టుమార్టం నంబరు తప్పకుండా ఉండాలి. మీ ఆధార్, మరణ ధ్రువపత్రం, మృతునితో మీ బంధుత్వాన్ని చూపే కాగితం నకళ్లు జత చేయండి. తరువాత మూడు విషయాలు విడివిడిగా అడగండి: ఒకటి, నమూనాలు ప్రయోగశాలకు పంపిన తేదీ, లేఖ నంబరు; రెండు, ప్రయోగశాల నివేదిక ప్రతి; మూడు, దాన్ని చూసి డాక్టరు ఇచ్చిన తుది అభిప్రాయం ప్రతి.

మొదటిది ఎందుకంత ముఖ్యమో కళ్లారా చూశాను. భర్తను పోగొట్టుకున్న ఒక అమ్మాయికి తోడుగా ఒక స్టేషన్‌కు వెళ్లాను. ఏడు నెలలుగా ఆమెకు 'రిపోర్టు ఇంకా రాలేదమ్మా' అన్న జవాబే వస్తోంది. లేఖ నంబరు చెప్పమని అడిగితే రైటర్ రిజిస్టరు తిరగేసి, లేచి వెళ్లి బీరువా తెరిచారు. లక్క సీలు చెదరకుండా ఆ పార్సిల్ అక్కడే ఉంది. ఏడు నెలలు ఆ అమ్మాయి ఎదురుచూసింది గడప దాటని పార్సిల్ కోసం.

మూడోదీ అంతే. ప్రయోగశాల ఫలానా మందు ఉందనో, లేదనో చెబుతుంది కానీ మరణ కారణం చెప్పదు. అది చెప్పవలసింది డాక్టరు. నివేదిక స్టేషన్‌కు వచ్చి, డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఫైలులో ఉండిపోయే సందర్భాలున్నాయి. బీమా కార్యాలయం అడిగేది మాత్రం తుది అభిప్రాయమే. కాబట్టి నివేదికను డాక్టరుకు పంపమని దరఖాస్తులోనే కోరండి.

దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో స్టేషన్ ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే ఆ ముద్ర ఉన్న ప్రతితో గుంటూరులో ఎస్పీ కార్యాలయానికి, విజయవాడలో పోలీస్ కమిషనర్ కార్యాలయానికి వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి, అయితే దర్యాప్తుకు అడ్డు అని కారణం చూపి నిరాకరించే వీలు చట్టంలో ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100.

'విషం కనబడలేదు' అని వస్తే కుంగిపోవద్దు. ఆసుపత్రిలో రోజుల తరబడి చికిత్స పొందాక చనిపోయినవారి శరీరంలో విషం జాడ మిగలకపోవచ్చు. పాముకాటు విషం ఈ మామూలు పరీక్షల్లో తేలదు. అలాంటప్పుడు కేస్ షీట్, కాటు గుర్తుల నమోదు, పంచనామా డాక్టరు ముందుంచి అభిప్రాయం కోరాలి. అందుకే చికిత్స కాగితాలు ఒక్కటి కూడా పారేయకండి.

బీమా క్లెయిము మాత్రం నివేదిక వచ్చేదాకా ఆపకండి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం కాగితాలతో వెంటనే పెట్టి, విసెరా ఫలితం రావలసి ఉందని అందులోనే రాయండి. ప్రతి చేతికి వచ్చిన రోజు కౌంటరు దగ్గరే నిలబడి పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, పోస్టుమార్టం నంబరు మీ కాగితాలతో సరిపోయాయో లేదో చూసుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడే చూపించి సరిచేయమని అడగండి.