నాన్న పోయాక ఆయన పాత కారు స్పేర్ పార్టులను ఏం చేయాలి

మా నాన్నకు ఉన్నది ఒక్క మోరిస్ మైనర్, పాతకాలపు ఇంగ్లిష్ కారు. దాని స్పేర్ పార్టులు మాత్రం షెడ్డు నిండా ఉండేవి. ముప్ఫై ఏళ్ళపాటు ఒక్కొక్కటే తెచ్చి దాచాడు. ఆయన పోయాక ఆ షెడ్డు తాళం నా చేతికొచ్చింది. ఖాళీ చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మొదటి రెండు వారాల్లో నేను చేసిన తప్పులు ఇంకో ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను.

మొట్టమొదట చేయకూడని పని సర్దడం. నేను చేసింది అదే. తలుపు తీస్తే ఎక్కడ చూసినా చిన్న చిన్న డబ్బాలు, ఒక్కో దాంట్లో నాలుగైదు బోల్టులు. బోల్టులన్నీ ఒకటేగా అనుకుని ఇరవై డబ్బాల్లోవి ఒకే బకెట్లో పోశాను. నాన్న స్నేహితుడు ఒకాయన, నేను అంకుల్ అంటాను, వచ్చి ఆ బకెట్ చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అందులోంచి రెండు తీసి నా అరచేతిలో పెట్టారు.

"ఈ రెండిటికీ తేడా ఏంటో చెప్పమ్మా" అన్నారు.

నాకేమీ కనబడలేదు. రెండూ పావు అంగుళం బోల్టులే. తేడా థ్రెడ్లలో, అంటే మరచుట్లలో. ఒకటి బీఎస్ఎఫ్ అనే పాత బ్రిటిష్ కొలత, అంగుళానికి 26 థ్రెడ్లు. రెండోది యూఎన్ఎఫ్ అనే ఇంకో కొలత, అంగుళానికి 28. దీని నట్టు దానికి పెడితే ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. బలంగా తిప్పితే థ్రెడ్ పోతుంది. ఆ కాలపు ఇంగ్లిష్ కార్లలో రెండు రకాలూ కలిసే ఉంటాయి. ఏ డబ్బాలో ఏ రకమో నాన్న మూతల మీద పెన్సిల్‌తో రాసి పెట్టాడు. ఆ మూతలను నేను అప్పటికే చెత్తలో వేసేశాను.

అందుకే ముందు ఫోటోలు తీయండి. గుమ్మంలో నిలబడి నాలుగు గోడలూ తీయండి. ఆ తర్వాత ఒక్కో అర, ఆ తర్వాత ఒక్కో డబ్బా, మూత ఉండగా ఒకటి, తీశాక ఒకటి. ప్రతి అరకూ టేపు అంటించి నంబరు వేయండి. పక్కపక్కన పెట్టిన వస్తువులకు సాధారణంగా ఏదో సంబంధం ఉంటుంది. గేర్‌బాక్స్ పక్కన గుడ్డలో చుట్టి ఉన్న ముక్కలు బహుశా ఆ గేర్‌బాక్స్‌లోవే. వేరు చేశారంటే గేర్‌బాక్స్ పాత ఇనుము అయిపోతుంది, ముక్కలు దేనివో ఎవరికీ తెలియకుండా పోతాయి.

వారసత్వం కాగితాలు తేలేదాకా ఏదీ అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. తోబుట్టువులు ఉంటే లిస్టు కాపీ అందరికీ పంపండి, తర్వాత మనస్పర్థలు రావు. ఇంకో విషయం. షెడ్డులో ఉన్నవన్నీ మీ నాన్నవే అనుకోవద్దు. మాకు దొరికిన వాటిలో ఒక డైనమో, రెండు స్టార్టర్ మోటార్లు బాగుచేయమని ఎవరో ఇచ్చినవి. నాన్న ఫోన్‌లో మెసేజ్‌లు, డైరీ చూస్తే తెలిసింది. అలాగే ఆయన వస్తువులు కొన్ని వేరేవాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇద్దరు వాళ్ళంతట వాళ్ళే తెచ్చి ఇచ్చారు.

చేయి పెట్టే ముందు జాగ్రత్తలు. పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటి మీది దుమ్మును ఊదకండి, చీపురుతో ఊడవకండి, గీకకండి. తడిపి, రెండు ప్లాస్టిక్ కవర్లలో మూసి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట అప్పగించండి. చాలా దేశాల్లో వాటిని అమ్మడమే నిషేధం. పాత పెట్రోలు, బ్యాటరీలు, తెరిచిన బ్రేక్ ఆయిల్ డబ్బాలు కూడా అలాంటి చోటే అప్పగించండి. వెల్డింగ్ గ్యాస్ సిలిండర్లుంటే కదపకుండా సప్లయర్‌ను పిలవండి. ఇంజిన్ ఒక్కరే ఎత్తబోకండి.

ఇక ఏది ఏమిటో గుర్తుపట్టడం. నాకు ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే, ఎక్కువ ఇష్టం కలిగిందీ ఇక్కడే. దేన్నీ శుభ్రం చేయకండి. వైర్ బ్రష్ పెడితే తుప్పుతో పాటు నంబరు కూడా పోతుంది. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్, స్టార్టర్ లాంటి ఎలక్ట్రికల్ పార్టుల మీద పార్టు నంబరుతో పాటు ఎప్పుడు తయారైందో కూడా గుద్ది ఉంటుంది. ఏయూసీ అక్షరాలతో నంబరు ఉంటే అది ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేది) భాగం. కంపెనీ గ్రీజు కాగితంలో చుట్టి ఉన్న కొత్త పార్టును విప్పకండి. అది వాడనిదని చెప్పే రుజువు ఆ కాగితమే. చిరిగిన అట్టపెట్టెను కూడా పారేయకండి.

మా కారుకు సరిపోదు కాబట్టి పనికిరాదు అనీ అనుకోకండి. మైనర్‌లోని ఏ-సిరీస్ ఇంజిన్ 1951లో ఆస్టిన్ ఏ30 కారుతో మొదలై, మినీ కారులో 2000 దాకా నడిచింది. మైనర్‌లోనే 803, 948, 1098 సీసీలు మూడు ఉన్నాయి. మనకు పనికిరాని పిస్టన్ సెట్టు కోసం ఇంకెక్కడో ఒక మనిషి ఏళ్ళుగా వెతుకుతుంటాడు.

ఒక అగ్గిపెట్టెలో పదకొండు సన్నటి ఇత్తడి సూదులు దొరికాయి. కార్బురేటర్‌లో పెట్రోలు ఎంత వెళ్ళాలో తేల్చేవి ఇవే. పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. సన్నబడే తీరులో తేడా అంగుళంలో వెయ్యో వంతు లెక్కన ఉంటుంది. భూతద్దంతో చూస్తే లావుగా ఉన్న కొన దగ్గర ఒకటి రెండు అక్షరాలు కనిపించాయి. ఆ అక్షరాలే సూది పేరు. అగ్గిపెట్టె లోపల మడిచిన కాగితం మీద ఏ సూది ఏ ఇంజిన్‌కు సరిపోయిందో, ఏది పెట్టినప్పుడు ఇంజిన్ ఊపిరాడనట్టు నడిచిందో నాన్న రాసి పెట్టాడు. ఆ కాగితం లేకుండా అమ్మితే సూదుల విలువ సగమే. కాగితాన్ని ఫోటో తీసి, అసలుది సూదులతోనే పంపాను.

అమ్మకం దగ్గర నేను చేసిన రెండో తప్పు. రెండో వారంలోనే ఒకాయన ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా మాట్లాడి, కార్బురేటర్లు, వాడని మడ్‌గార్డులు తీసుకెళ్ళాడు. మిగతావాటికి వచ్చే నెల వస్తానన్నాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగింది కార్బురేటర్ల గురించే. మంచివి పోయాక మిగిలినవాటిని చూడ్డానికి కూడా ఎవరూ రారు. కాబట్టి లిస్టు పూర్తయ్యేదాకా ఒక్క వాషర్ కూడా బయటికి పంపకండి. కార్బురేటర్ కావాలన్నవాళ్ళకు దానికి తగిలించే మానిఫోల్డు, లింకేజీ, గాస్కెట్లు కలిపి ఒక లాటుగా ఇవ్వండి. ధర కోసం ఎవరెవరు ఎంత అడుగుతున్నారో కాదు, నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో చూడండి. తూకానికి మొత్తం కొంటానని వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళను ఆఖర్న పిలవండి. ఆ మోడల్ కార్ల క్లబ్బు ఉంటే మొదటి ఫోన్ అక్కడికి చేయండి. లిస్టు చూసి తప్పులు దిద్దిపెట్టే ఓపిక వాళ్ళకే ఉంటుంది.

రబ్బరు సామాను వయసు అయిపోయిందే. పాత బ్రేక్ హోసులు, సీళ్ళు కొత్తవిలా కనిపించినా వాడమని అమ్మకండి. నమూనాకు మాత్రమే అని రాసి ఇవ్వండి. టైర్ల మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2305 అంటే 2005లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కు ముందుదని అర్థం.

ఛాసిస్ ప్లేట్లు (కారు నంబరు గుద్ది ఉండే రేకులు), పాత కార్ల రిజిస్ట్రేషన్ కాగితాలు విడిగా అమ్మకండి. దొంగిలించిన కారును వేరే కారుగా చూపించడానికి వాడతారు. వర్క్‌షాప్ మాన్యువల్స్, పార్ట్స్ క్యాటలాగులు మాత్రం ఎవరో ఒకరు సంతోషంగా తీసుకుంటారు. క్లబ్బుకే ఇచ్చేశాను.

ఇప్పుడు షెడ్డులో ఆ బకెట్ ఒక్కటే మిగిలింది. అంకుల్ ఇచ్చిన థ్రెడ్ గేజ్ పెట్టుకుని ఆదివారం పూట కూర్చుంటాను. ఒక్కో బోల్టు గేజ్ పళ్ళకు ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తాను. సందు కనబడకపోతే అదే సైజు. సగం దాకా వచ్చాయి. కొత్త డబ్బాలు కొన్నాను, మూతల మీద పెన్సిల్‌తోనే రాస్తున్నాను.